మూరెడు లోతున తీపి నీళ్ళు

ఒకప్పుడు సముద్రం మధ్యలో ఉండే దీవుల్లో తాగడానికి చుక్క తీపి నీళ్ళు దొరికేవి కావు. వాన కురవక కాదు. కుండపోతగా కురిసేది. కానీ పడ్డ వాన పడ్డట్టే దీవి వీపు మీంచి జారిపోయి సముద్రంలో కలిసిపోయేది.

ఎందుకంటే ఆ రోజుల్లో దీవుల ఇసక ఇప్పటిలా పొడిపొడిగా ఉండేది కాదు. బిగించిన పిడికిలిలా గట్టిగా ఉండేది. అల వచ్చి ఎక్కడ లాక్కుపోతుందోనని ఏ దీవికి ఆ దీవి తన ఇసకనంతా అదిమిపెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది.

అలాంటి దీవుల్లో ఒకటి మరీ చిన్నది. ఈ కొసన తుమ్మితే ఆ కొసన ‘చిరంజీవ’ అనొచ్చు. చెట్టు లేదు, పుట్ట లేదు. తెల్లటి ఇసక తప్ప మరేమీ లేదు. ఆఖరికి దానికి పేరు కూడా లేదు.

పేరు లేకపోతే ఏం కొంపలు మునిగాయిలే అంటారా? మునుగుతాయి మరి! ఆ కాలంలో సముద్రానికి ఒక కట్టుబాటు ఉండేది. పేరున్న దీవి జోలికి అది పోకూడదు. పేరు లేనిదాన్ని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు మింగెయ్యొచ్చు.

ఒకరోజు సముద్రం ఈ చిన్న దీవి దగ్గరికొచ్చి, “ఏయ్ దిబ్బా!” అంది.

“నేను దిబ్బని కాను, దీవిని,” అంది దీవి.

“ఏదైతేనేం? ఇంకో పది రోజుల్లో పున్నమి. పున్నమి పోటుకి నేనెంత ఎత్తు లేస్తానో నీకు తెలుసుగా? ఆలోగా పేరు తెచ్చుకున్నావా, బతికిపోతావు. తెచ్చుకోలేదా, నిన్ను మింగేస్తాను.”

“పేరు ఎలా తెచ్చుకోవాలి?”

“నీకు నువ్వు పెట్టుకుంటే చెల్లదు. పెట్టమని ఎవర్నీ అడక్కూడదు. ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి పిలుస్తూ, నిన్ను వెతుక్కుంటూ రావాలి. అప్పుడు ఒప్పుకుంటాను,” అని చెప్పి సముద్రం వెనక్కి వెళ్ళిపోయింది.

దీవి ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎండ కాగుతోంది. దానికి మూడొందల ఏళ్ళు. మూడొందల ఏళ్ళ చాదస్తం కూడా ఉంది.

“నిన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారే పిచ్చిదానా?” అంది తాబేలు.

“వస్తారు,” అంది దీవి.

“ఎందుకొస్తారు? నీ దగ్గరేముందని?”

“అదింకా తెలీదు. కానీ వస్తారు.”

తాబేలు తల లోపలికి లాక్కుని నవ్వుకుంది.

మూడో రోజున నిజంగానే ఒక పడవ వచ్చింది! రంగురంగుల తెరచాప, ముందు డప్పుల వాళ్ళు, వెనక గొడుగు పట్టేవాడు. మధ్యలో పట్టు తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆయన సముద్రానికి అవతల ఉన్న పెద్ద దేశం రాజుగారి దగ్గర పేర్ల పెద్ద. రాజ్యంలో ఏ పుట్టకీ గట్టుకీ పేరు పెట్టాలన్నా ఆయనే పెట్టాలి.

“ఇది కూడా మా రాజుగారిదే,” అన్నాడు పేర్ల పెద్ద, దీవి మీద కాలు పెడుతూనే. “సముద్రం అడ్డం వచ్చింది గానీ, లేకపోతే మా పెరట్లోనే ఉండేది.”

ఆయన చంకలోంచి తాటాకు తీసి చదివాడు. “నేటినుంచి దీని నామధేయం శ్రీశ్రీశ్రీ అఖండ విజయ ప్రతాప మార్తాండ మహారాజ దివ్య పాదాక్రాంత దూర ద్వీపం!”

డప్పులు ధనధన మోగాయి. ఆ పేరు చెక్కిన పలకని ఇసకలో పాతబోయారు. ఇసక రాయిలా ఉంది కదా, దిగలేదు. నలుగురు మనుషులు నానా తంటాలూ పడి ఎలాగో నిలబెట్టారు.

అప్పుడు సముద్రం నెమ్మదిగా అడిగింది. “అయ్యా పేర్ల పెద్దగారూ, మీరు దూరంగా పడవలో వస్తూ దీన్ని పిలవాలనుకోండి. తాటాకు చూడకుండా ఒకసారి పిలిచి చూపించండి.”

“అదెంత పని!” అన్నాడాయన. “శ్రీశ్రీశ్రీ అఖండ ప్రతాప... కాదు, విజయ అఖండ... దివ్య మార్తాండ...”

మూడోసారి మొదలుపెట్టేసరికి అల వచ్చి నోట్లో కొట్టింది. ఆయన ఉప్పునీళ్ళు ఉమ్ముకుంటూ, “అసలు దీన్ని మేమెందుకు పిలుస్తాం? లెక్కకి ఒక దీవి ఎక్కువుంటే చాలు!” అని విసుక్కుంటూ పడవెక్కాడు. పడవ కనుమరుగు కాకముందే పేరు పలక నీళ్ళలో తేలిపోయింది. దాని మీద ఒక ఎండ్రకాయ ఎక్కి దర్జాగా షికారు వెళ్ళింది.

“చూశావా? పేరంత పేరే వచ్చినా నిలవలేదు,” అంది తాబేలు.

“అది రాజుగారి పేరు. నా పేరింకా రాలేదు,” అంది దీవి.

ఏడో రోజున గాలి తిరగబడింది. ఆ గాలికి కొట్టుకుంటూ ఒక చిన్న తెప్ప దీవి ఒడ్డుకొచ్చి పడింది. అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చంటిబిడ్డ.

పెద్దావిడ పేరు దేముడమ్మ. జాలరి మనిషి. చిన్నామె ఆవిడ కోడలు కాసులు. పురిటికి పుట్టింటికెళ్ళిన కాసుల్ని, మూడు నెలల మనవరాల్నీ ఇంటికి తెచ్చుకుంటోంది దేముడమ్మ. మగవాళ్ళెవరైనా తోడు రావాలని ఊళ్ళో అంటే, “తెప్ప నడపడానికి మీసాలెందుకు?” అని తనే తెడ్డు పట్టుకుని బయల్దేరింది. నడిపిందీ బాగానే. గాలి మాట వినకపోతే ఆవిడ తప్పా?

తెప్పలో ఉన్న నీళ్ళకుండ పగిలిపోయింది. అడుగుముక్క మాత్రం మిగిలింది. నిన్నటినుంచి ఇద్దరి గొంతులోకీ చుక్క నీళ్ళు దిగలేదు. బిడ్డ ఏడుస్తోంది.

“పాలు పడ్డం నేదత్తా,” అంది కాసులు. “నాకు నీళ్ళు నేకపోతే దీనికి పాలెక్కడినుంచి ఒస్తాయి?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఒలే, ఏడవకు! ఉన్న నీళ్ళు కూడా కళ్ళలోంచి పారబోస్తావేటి?” అంది దేముడమ్మ. “ఇసకలోకి ఒచ్చి పడ్డాం. ఇంకేటి భయం? చెలమ తవ్వుతాను, ఉండు.”

చెలమంటే తెలుసుగా? ఇసకలో చేత్తో తవ్వితే అడుగున నీళ్ళు ఊరే గుంట. దేముడమ్మ ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే తెచ్చుకునేవాళ్ళు. పొద్దున్నే బిందెలు పట్టుకుని తీరానికెళ్ళి, మూరెడు తవ్వి, కొబ్బరి చిప్పతో తోడుకునేవాళ్ళు. అయితే అక్కడ ఊరి వెనక కొండ ఉంది. కొండ మీంచి వచ్చిన వాగు ఇసక కిందికి పారుతుంది. అందుకే అక్కడ నీళ్ళు. ఆ సంగతి దేముడమ్మకి తెలీదు. ఇసకంటే తమ ఊరి ఇసకేననీ, లోకంలో ఇసక ఎక్కడుంటే అక్కడ చెలమ ఉంటుందనీ ఆవిడ గట్టి నమ్మకం.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. ఇసక రాయిలా ఉంది. గోళ్ళు విరిగాయి. కొబ్బరి చిప్పతో గీకి గీకి మూరెడు తవ్వేసరికి కొంచెం తడి కనబడింది. నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మింది.

“ఉప్పు! ఈ పక్కన నేదన్నమాట. ఆ పక్కనుంటాది.”

ఆ పక్కనా తవ్వింది. అక్కడా ఉప్పే.

తాబేలుకి నవ్వాగలేదు. “ఓ ముసలమ్మా! ఇది దీవి. నాలుగు పక్కలా ఉప్పు, కింద ఉప్పు. ఇక్కడ చెలమేంటి? నీకంటే పిచ్చిదాన్ని నేను మూడొందల ఏళ్ళలో చూడలేదు.”

“నువ్వు మూడొందల ఏళ్ళు బతికి చూసిందేటి? నీ డొప్పలోపలే కదా!” అంది దేముడమ్మ. “ఇసక అమ్మ లాంటిది. అడిగితే పెట్టకుండా ఉండదు. ఇది పెట్టి తీరాల.” అంటూ మూడో గుంట మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళనుంచి రక్తం కారుతోంది.

దీవి నవ్వలేదు. దానికి మహా సిగ్గేసింది. నీ దగ్గరేముందని అడిగినవాళ్ళే గానీ, నీ దగ్గర ఉండి తీరుతుందని నమ్మినవాళ్ళు దానికి ఇంతవరకూ తారసపడలేదు. పేరు సంగతి అటుంచి, ఈవిడ మాట ఎలా నిలబెట్టడం అని తెగ ఆలోచించింది.

అంతలో ఒక నల్ల మబ్బు అటుగా వెళ్తోంది.

“మబ్బన్నా! కాస్త ఆగి కురవవూ?” అని పిలిచింది దీవి.

“కురుస్తూనే ఉన్నాగా ఏటా! పట్టుకునే తెలివి నీకుండాలి,” అంది మబ్బు. “కాసేపు కురుస్తాను. వాళ్ళు ఒక దోసెడు తాగుతారు. గాలి తిరిగేదాకా రెండ్రోజులైనా పడుతుంది. రేపు ఏం తాగుతారు?”

“పట్టుకోవాలంటే ఏం చెయ్యాలి?”

“పిడికిలి విప్పాలి. నీ ఇసకనంతా వదులు చేసుకో. ఏ రేణువుకి ఆ రేణువు విడిగా ఉంటే మధ్యలోకి నేను దిగుతాను.”

తాబేలు గాభరాగా తల బయటపెట్టింది. “ఒద్దొద్దు! మూడ్రోజుల్లో పున్నమి. బిగబట్టుకుని ఉంటే ఒకవేళ తట్టుకుంటావేమో. వదులైపోయావా, ఒక్క అలకి పిండిలా కరిగిపోతావు!”

దీవి బిడ్డ వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పీలగా అయిపోయింది. మూడో గుంట తవ్వుతున్న దేముడమ్మ చేతుల వైపు చూసింది.

“మబ్బన్నా, కురువు,” అంది.

ఆ మాటంటూనే ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి వదిలేసింది. గట్టిపడిన ఇసక అంతా గలగలా విడిపోయింది. వాన పడింది. మొట్టమొదటిసారి ఆ వాన జారిపోకుండా దీవి ఒంట్లోకి దిగింది. దీవికి చల్లగా, హాయిగా, కొంచెం భయంగా అనిపించింది.

కానీ కింద సముద్రం కాచుకుని ఉంది. “రా రా! అడుగుకి దిగితే ఆ నీళ్ళు నావే. కలిపేసుకుంటాను,” అంది.

ఆ మాట దేముడమ్మ చెవిన పడింది. ఇక చూస్కోండి! చీర చెంగు నడుముకి దోపి, తడిసిన జుట్టు ముడేసుకుని, సముద్రం ఎదురుగా నిలబడింది.

“ఏటన్నావు? మళ్ళీ అను! మా ఊళ్ళో నిన్నేటని పిలుస్తాం? గంగమ్మ తల్లీ అని పిలుస్తాం. వలెయ్యకముందు నీకు దణ్ణం పెడతాం. పసుపూ కుంకం నీకే, తొలి చేప నీకే. తల్లీ అంటే ఇన్నాళ్ళూ ఓ, ఓ అని పలికినావు కదా! బిడ్డ గొంతెండి ఏడుస్తంటే ఆ దోసెడు నీళ్ళు లాక్కుంటావా? అలాగైతే ఆ పేరొదిలెయ్యి. రేపటినుంచి ఒఠ్ఠి ఉప్పుగుంటా అని పిలుస్తాం!”

అంత పెద్ద సముద్రాన్ని అంతవరకూ ఎవరూ అలా నిలదీయలేదు. అలలు గుసగుసలాడుకున్నాయి. సముద్రం గొంతు సవరించుకుంది.

“సరేనమ్మా. తీపి నీళ్ళు తేలిక, నేను బరువు. వాటిని నా భుజం మీద మోస్తాను, కలుపుకోను. పోటుకి నేను పైకి లేస్తే అవీ పైకొస్తాయి, నేను దిగితే అవీ దిగుతాయి. కానీ ఒక షరతు. చేత్తోనో చిప్పతోనో మూరెడు లోతు తవ్వి, కావలసినన్ని తోడుకోవాలి. ఆశపడి లోతుగా తవ్వారంటే నా భుజం తగులుతుంది. అప్పుడు ఉప్పు తాగాల్సిందే.”

“మూరెడు చాలు. మాకు బావులక్కర్నేదు,” అంది దేముడమ్మ.

తరవాత సముద్రం దీవికి మాత్రమే వినబడేలా చెప్పింది. “నీళ్ళ మాట నీళ్ళదే, పున్నమి మాట పున్నమిదే. కట్టుబాటు కట్టుబాటే. పేరు లేకపోతే ఆ రోజు నిన్ను వదలను.”

దేముడమ్మ మూడో గుంటలో చెయ్యి పెట్టింది. నీళ్ళు ఊరుతున్నాయి! చిప్పతో ముంచి, ముందు కోడలికిచ్చింది. కాసులు ఒక గుక్క తాగి కళ్ళు పెద్దవి చేసింది.

“తీపి! అత్తా, తీపి!”

“ఉండకేం చేస్తాది? నే చెప్పనేదా?” అంది దేముడమ్మ. మొదటి రెండు గుంటల సంగతి ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది.

ఆ సాయంత్రానికి కాసులికి పాలు పడ్డాయి. బిడ్డ కడుపునిండా తాగి, పిడికిళ్ళు వదులు చేసి నిద్రపోయింది. రెండ్రోజులు వాళ్ళు ఆ చెలమ నీళ్ళతోనే గడిపారు.

తొమ్మిదో రోజు పొద్దున్నే గాలి వాళ్ళ ఊరివైపు తిరిగింది. కుండ అడుగుముక్కలో నీళ్ళు నింపుకుని తెప్పెక్కారు.

“అత్తా, ఈ చోటికి ఏటి పేరెడదాం?” అంది కాసులు.

దీవి చెవులు రిక్కించింది.

“మనోళ్ళ పద్ధతి నీకు తెల్దేటి?” అంది దేముడమ్మ. “సముద్రంలో ఏ చోట ఏది దొరికితే ఆ చోటికి అదే పేరు. ఒంజరం చేపలు దొరికిన రాతిగుట్ట ఒంజరాల పార, పీతలు దొరికిన ఇసకదిబ్బ పీతల తిప్ప. అయినా ఇక్కడ కూకుని పేరెడితే వినేదెవరు? ఇంకోడికి దారి చెప్పినప్పుడు కదా పేరుతో పని? ముందు ఇంటికెల్దాం పద.”

తెప్ప కదిలిపోయింది. వాళ్ళ ఊరు మూడు రోజుల దూరం. పున్నమి రేపే.

“ఇప్పుడైనా నా మాట విను,” అంది తాబేలు. దాని గొంతులో ఈసారి వెటకారం లేదు. “వాళ్ళు వెళ్ళిపోయారు. బిడ్డ బతికింది. నీ పని అయిపోయింది. మళ్ళీ బిగుసుకుపో.”

“బిగుసుకుపోతే లోపలి నీళ్ళన్నీ కారిపోతాయి.”

“పోతే పోనీ! ఎవరికి తెలుస్తుంది?”

దీవికి భయం వేసింది. నిజంగా చాలా భయం వేసింది. అయినా, “రేపు ఇంకెవరైనా వచ్చి చెయ్యి పెడితే?” అంది. “తవ్వితే ఉంటుందని ఆవిడ అంది. ఉండాలి.”

పున్నమినాడు పొద్దున సముద్రం లేచింది. ఒక అల తూర్పు కొసని తీసుకుపోయింది. ఇంకో అల పడమటి కొసని తీసుకుపోయింది. వదులు ఇసక కదా, దోసెళ్ళతో ఎత్తినట్టు పోతోంది. తాబేలు తన నాలుగు కాళ్ళతో ఇసకని వెనక్కి తోస్తూ అడ్డం పడుకుంది. పాపం, ఎంతని ఆపుతుంది? చివరికి దేముడమ్మ తవ్విన చెలమ చుట్టూ ఒక చాపంత ఇసక మిగిలింది. దీవి మాత్రం పిడికిలి బిగించలేదు.

ఆఖరి అల పైకి లేచింది. సరిగ్గా అప్పుడు దూరం నుంచి ఒక కేక వినబడింది.

“చెలమ దీవీ! ఓ చెలమ దీవీ! ఎక్కడున్నావూ?”

అల లేచింది లేచినట్టే ఆగిపోయింది.

అయిదుగురు మనుషులున్న పడవ ఒకటి వస్తోంది. ఏ తీరం వాళ్ళో! పెదాలు ఉప్పుకి పగిలి ఉన్నాయి. పడవ ముందు నిలబడ్డవాడు చేతులు నోటి చుట్టూ పెట్టి మళ్ళీ పిలిచాడు. “చెలమ దీవీ!”

జరిగిందేమిటంటే, ముందు రోజు మధ్యాహ్నం నడిసముద్రంలో ఈ పడవ దేముడమ్మ తెప్పకి ఎదురైంది. మూడు రోజులుగా వాళ్ళకి నీళ్ళు లేవు. దేముడమ్మ తన కుండముక్కలోంచి తలా ఒక గుక్క పోసి, తూర్పుకి చెయ్యి చాపింది.

“ముక్కుసూటిగా ఎల్లండి నాయనా. చెట్టుండదు, తెల్లటి ఇసకుంటాది. అదే చెలమ దీవి. అటూ ఇటూ అయితే పేరెట్టి పిలవండి, పలుకుతాది. మూరెడు తవ్వండి చాలు.”

దారి చెప్పాల్సి వచ్చింది, పేరు పుట్టింది. ఆవిడ అంతకంటే ఆలోచించలేదు కూడా.

“ఇక్కడ! నేనిక్కడ!” అని అరిచింది దీవి. పేరు పెట్టి పిలిస్తే పలకడం దానికదే మొదటిసారి.

సముద్రం గాల్లో ఆగిన అలని నెమ్మదిగా కిందికి దించింది. “పేరొచ్చింది. నా మాట నిలబెట్టుకుంటాను,” అని, ఒక్కొక్క అల మీదా మోసుకొచ్చి తీసుకుపోయిన ఇసకంతా తిరిగి పోసింది. వెయ్యి అలలు పట్టింది. పని మాత్రం పద్ధతిగా చేసింది.

పడవవాళ్ళు దిగి ఇసకలో చేతులు పెట్టారు. మూరెడు లోతున నీళ్ళు ఊరాయి. వాళ్ళు తాగుతుంటే ముసలి తాబేలు కూడా వచ్చి వరసలో నిలబడింది.

ఈ సంగతి విని మిగతా దీవులు కూడా ఒకదాని తరవాత ఒకటి పిడికిళ్ళు విప్పాయి. సముద్రం కూడా వాటి నీళ్ళని కలుపుకోకుండా మోసింది, ఒక బిడ్డని ఎత్తుకున్న తల్లి పదిమందినీ ఎత్తుకోదా!

అప్పటినుంచే దీవుల ఇసక వదులుగా ఉంటుంది. అప్పటినుంచే చుట్టూ ఉప్పు సముద్రం ఉన్నా, ఇసకలో మూరెడు తవ్వితే తీపి నీళ్ళు ఊరతాయి. పోటుకి అవి పైకొస్తాయి, ఆటుకి కిందికి దిగుతాయి, ఆశపడి లోతుగా తవ్వినవాడికి ఉప్పు తగులుతుంది. అప్పటినుంచే ఆ చిన్న దీవి పేరు చెలమ దీవి, అక్కడికి ఎప్పుడు ఎవరొచ్చి చెయ్యి పెట్టినా నీళ్ళుంటాయి.